పెంపుడు కుక్కకు చలికన్నా తడే ప్రమాదం

ధనుర్మాసం వచ్చిందంటే షోళింగనల్లూరు వీధులు తెల్లవారకముందే మేల్కొంటాయి. కోవెల మైకులో తిరుప్పావై వినిపిస్తూ ఉండగా, వాకిళ్ళలో ముగ్గులు వేసే స్త్రీలు ఒకవైపు, కుక్కల గొలుసులు పట్టుకొని నడిచే ఉద్యోగులు మరొకవైపు కనిపిస్తారు. రాజీవ్ గాంధీ సాలై వెంబడి వెలసిన సాఫ్ట్‌వేర్ సంస్థలలో పనిచేయడానికి చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారూ వీరిలో ఉన్నారు. కొన్ని కుక్కలకు ఉన్ని చొక్కాలు, కాళ్ళకు రబ్బరు జోళ్ళు కూడా తొడుగుతున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే హిమపాతం గల దేశాలవారు పాటించే జాగ్రత్తలను సముద్రతీరపు ఊరికి యథాతథంగా తెచ్చుకోవడం వలన కుక్కకు కలిగే మేలు స్వల్పం.

ఈ పొరపాటుకు భాష కూడా కొంత కారణం కావచ్చు. గడ్డిపరకపై నిలిచే బిందువును, హిమాలయాలపై పేరుకొనే తెల్లని గడ్డను కూడా తెలుగువారు మంచు అనే అంటారు. తమిళంలో ‘పని’ అనే మాట సంగతి కూడా ఇంతే. మార్గళి మంచు కుక్క వెంట్రుకలను తడుపుతుందే కాని గడ్డకట్టించదు. చెన్నై నుంగంబాక్కం కేంద్రంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, అది కూడా 1895లోను, 1905లోను. సాధారణంగా జనవరి రాత్రులలో ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. శరీరంలో 38, 39 డిగ్రీల వేడిని సహజంగా నిలుపుకొనే ఆరోగ్యవంతమైన పెద్ద కుక్కకు ఈ చలి ఒక లెక్క కాదు. కొద్ది వారాల కూనలకు, కీళ్ళ నొప్పులున్న ముసలి కుక్కలకు, జబ్బుపడి లేచినవాటికి మాత్రం రాత్రివేళ వెచ్చని చోటు అవసరం.

తడి సంగతి వేరు. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. కొత్త కుండలో నీళ్ళు చల్లబడటానికి ఈ సూత్రమే కారణం. తడిసిన కుక్క ఒంటి మీద జరిగేదీ అదే. వెంట్రుకలలోని నీరు శరీరపు వేడిని తీసుకొని ఆవిరవుతుంది. దానికి సముద్రపు గాలి, ఇంట్లో ఫ్యాను తోడైతే ఇరవై నాలుగు డిగ్రీలలో కూడా కుక్క వణుకుతుంది. చినుకులలో నానిన ఉన్ని చొక్కా ఆ నీటిని చర్మానికి అంటిపెట్టుకొని ఉంచుతుంది. గాలిలో తేమ అధికంగా ఉండే ఈ ఊళ్ళో అది త్వరగా ఆరదు కూడా. పలుచని వానకోటు దీనికంటే నయం. ఇంటికి రాగానే దానిని విప్పివేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది పొడి తువ్వాలు. వీపు తుడిచి ఊరుకుంటే చాలదు. వేళ్ళ సందులు, పొట్ట కింది భాగం, చెవుల లోపలి అంచులు తుడవాలి. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి వాలుచెవుల జాతులకు వానాకాలంలో చెవిపోటు, దుర్వాసన, బూజు వ్యాధులు తరచుగా వస్తాయి. పడక నేరుగా టైల్సు మీద గాక, గోనెసంచి మీదనో, ఎత్తైన మంచం మీదనో ఉండాలి.

అంతకంటే పెద్ద భయం కాలి కింద ఉన్నది. షోళింగనల్లూరుకు ఒకవైపు పళ్ళికరణై చిత్తడి నేల, మరొకవైపు నెల్లూరు జిల్లా మీదుగా సాగివచ్చే బకింగ్‌హాం కాలువ. చిత్తడి నేలలోని నీరు ఒక్కియం మడువు ద్వారా ఈ కాలువలో కలిసి కోవళం వద్ద సముద్రాన్ని చేరుతుంది. రామ్‌సార్ జాబితాలో 2022లో చోటు పొందిన ఆ చిత్తడి నేల చాలావరకు కట్టడాల పాలైంది. చెన్నైకి ఏటా కురిసే వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటడానికి ముందు చెన్నైను ముంచెత్తినప్పుడు ఈ దక్షిణ శివారులలో నీరు రోజుల తరబడి నిలిచింది. కలుగులు మునిగిన ఎలుకలు బయటికి వస్తాయి. వాటి మూత్రం నిలువ నీటిలో కలుస్తుంది. అందులోని లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి కుక్క పాదం మీది చిన్న గీత ద్వారాగాని, నోటి ద్వారాగాని ఒంట్లో ప్రవేశించి మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తమిళులు ‘ఎలి కాయ్చల్’ అనే వ్యాధి ఇదే. జబ్బుపడిన కుక్క మూత్రం ద్వారా ఇంటివారికీ సోకవచ్చు కనుక శుభ్రం చేసేటప్పుడు చేతి తొడుగులు తప్పవు.

దీనికి టీకా ఉన్నది. మొదట కొద్ది వారాల ఎడంతో రెండు మోతాదులు, పిమ్మట ఏటా ఒకటి. వాన మొదలైన తరువాత పరుగెత్తేకంటే సెప్టెంబరులోనే వేయించడం తెలివైన పని. టీకా వేయించినా కుక్కను నిలువ నీటిలో నడవనీయరాదు, ఆ నీటిని తాగనీయరాదు. నీట మునిగిన వీధి దీపపు స్తంభాల వద్ద విద్యుత్తు ప్రసరించే ప్రమాదం కూడా ఉన్నందున, అటువంటి రోజులలో నడక మానివేసి మేడ మీదనే తిప్పడం మంచిది. ఒకరోజు నడవకపోయినంత మాత్రాన కుక్కకు వచ్చిన లోటు లేదు.

గోమార్లు, అంటే పిడుదులు, చెన్నై చలికాలంలో చావవు. చలిదేశాలవారు ఆ నెలలలో మందు ఆపివేసినా ఇక్కడ ఏడాది పొడవునా వాడవలసిందే. వాటి కాటు వలన వచ్చే ఎర్లీకియా జ్వరంలో రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గి ముక్కు నుండి రక్తం కారవచ్చు.

ఇక సైబీరియన్ హస్కీల విషయం. వాటి రెండు పొరల బొచ్చు సున్నా కంటే దిగువ చలికి ఏర్పడినది. డిసెంబరులో అవి కాస్త హుషారుగా ఉండటం నిజమే గాని ఆ తేమలో తడిసిన లోపొర ఆరకపోతే చర్మం పుండ్లు పడుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2024లో ప్రకటించిన కుక్కల పెంపకపు విధానంలో హస్కీ వంటి జాతులు ఇక్కడి వాతావరణానికి తగవని పేర్కొన్నది. రాజపాళయం, చిప్పిప్పారై వంటి స్థానిక జాతుల పొట్టి వెంట్రుకలు తువ్వాలుతో రెండు నిమిషాలలో ఆరిపోతాయి.

షికాగోకో, టొరంటోకో బదిలీ అయిన పిల్లలు మాత్రం ఈ లెక్కను తిరగవేసుకోవాలి. అక్కడ పొట్టి వెంట్రుకల కుక్కకు చొక్కా నిజంగా అవసరం. దారి మీది మంచు కరగడానికి చల్లే ఉప్పు పాదాలను కోస్తుంది కనుక జోళ్ళు గాని, ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో కడగడం గాని అవసరం.

ఇక్కడ కుక్క తిండి మాని, వాంతి చేసుకొని, కళ్ళు పచ్చబడి, మూత్రం తగ్గినా, నడవడానికి మూలిగినా రేపటి వరకు ఆగరాదు. ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ బిళ్ళలు ఇవ్వనే కూడదు; అవి కుక్కలకు విషతుల్యం కాగలవు. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి షోళింగనల్లూరుకు చాలా దూరం. వరద రోజున దారి కూడా ఉండకపోవచ్చు. అందుచేత నడిచి వెళ్ళగల దూరంలో ఉన్న పశువైద్యుని ఫోను నంబరును అక్టోబరు రాకముందే కాగితం మీద రాసి, గొలుసు తగిలించే మేకు పక్కనే అంటించి ఉంచుకోవాలి.