లాడం గుర్తు వేసిన రోజులు

మదరసాలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ముప్ఫై సంవత్సరాలు కావస్తున్నది. ఈ కాలమంతటిలో తల్లిదండ్రులు నా వద్దకు తెచ్చిన ఫిర్యాదులలో అధికభాగం ఒకే మాటతో మొదలయ్యేవి: "హజ్రత్! మావాడు పనికిరాని సరదాలలో పడ్డాడు, కాస్త మందలించండి." నేను మందలించేవాడిని. ఆ సరదా ఏమిటని అడిగిన సందర్భాలు బహు తక్కువ. మూడేళ్ల క్రితం ఒక పిల్లవాని విషయంలో అలా అడగకపోవడం వలన నేను చేసిన తప్పును ఇక్కడ వ్రాస్తున్నాను. అతని అనుమతి తీసుకునే వ్రాస్తున్నాను. పేరు చెప్పను. బందరు పరిసరాలవాడని మాత్రం తెలిస్తే చాలు.

మా మదరసాలో గురువారం జుహర్ తర్వాత ఇంటికి వెళ్లదలచిన పిల్లలు దఫ్తరు ముద్ర వేసిన చీటీ చూపాలి. ఆ ఏడాది నకిలీ చీటీలు రెండు పట్టుబడ్డాయి. ముద్ర మాదానిలాగే ఉన్నది, అక్షరాలు మాత్రం కొద్దిగా వంకర. అదే వారంలో, పదమూడేళ్ల ఈ అబ్బాయి చివరి వరుసలో కూర్చుని, పెన్సిలు చెరిపే రబ్బరును బ్లేడుతో చెక్కుతూ నా కంటపడ్డాడు. ప్రతి గురువారం తప్పక ఇంటికి వెళ్లేవాడూ అతడే. ఇక నాకు వేరే సాక్ష్యం అవసరమనిపించలేదు. అందరి ముందు అతని సంచి బోర్లించాను.

చెక్కిన రబ్బరు ముక్కలు నాలుగు, నీలి సిరా ప్యాడు ఒకటి, నోటుపుస్తకం ఒకటి బయటపడ్డాయి. ముక్కలను ఒక్కొక్కటిగా కాగితంపై అద్ది చూశాను. ఒకటి ఆకు, ఒకటి చుక్క, ఒకటి లాడం. నాలుగవ దానిపై ఏవో ఉర్దూ అక్షరాలు, అద్దంలో చూసినట్లు తిరగబడి పడ్డాయి. దఫ్తరు ముద్ర వాటిలో లేదు. అక్కడితో ఆగవలసినవాడిని. ఆగలేదు. నోటుపుస్తకం తెరిచి, పైకి చదివాను.

"మోతీ ఈ రోజు దాణా అంతా తిన్నది." "దాదాకు నడుము నొప్పి. మాలీసు నేనే చేశాను." "ముందు ఎడమ గిట్ట వేడిగా ఉన్నది." కొన్ని తేదీల పక్కన నీలిరంగు లాడం గుర్తు. ఒక పుటలో మాత్రం: "మోతీని అమ్మేస్తానని దాదా అన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదు." పిల్లలు నవ్వారు. అతడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. తన వస్తువులను ఏరుకుని సంచిలో పెట్టుకున్నాడు. నకిలీ చీటీలు వ్రాసినవారు వేరే ఇద్దరు పెద్ద పిల్లలని నాలుగు రోజుల తర్వాత తేలింది.

ఇతరుల రహస్యాలు ఆరా తీయవద్దని హుజురాత్ సూరాలో ఉన్న ఆజ్ఞను ఏటా పిల్లలకు బోధించేది నేనే. ఆ పాఠం చెప్పే నోటితోనే ఆ పుస్తకం చదివాను.

డైరీ వ్రాయడం మనవాళ్ల అలవాటు కాదని కొందరు భావిస్తారు. ఇది నిజం కాదు. హిజ్రీ ఐదవ శతాబ్దంలో బాగ్దాదులో అబూ అలీ ఇబ్నుల్ బన్నా అనే హంబలీ పండితుడు ఉండేవారు. వృత్తి నా వృత్తే, బోధన. ఆయన తన కోసం వ్రాసుకున్న దినచర్యలో 460, 461 హిజ్రీ సంవత్సరాలకు, అనగా క్రీ.శ. 1068, 1069లకు చెందిన భాగం ఆయన స్వహస్తాక్షరాలతోనే డమాస్కస్ గ్రంథాలయంలో నిలిచి, ఇరవయ్యో శతాబ్దంలో అచ్చయింది. ఎవరు మరణించారు, ఎవరికి ఏ కల వచ్చింది, నగరంలో ఏ గొడవ రేగింది, అన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఎవరికో చూపడానికి వ్రాసిన వాలకం అందులో లేదు.

బాబరు చక్రవర్తి సంగతి మరీ ముచ్చటైనది. 1529లో తూర్పు దండయాత్రలో ఉండగా, ఒక రాత్రి ఆయన గుడారంలో కూర్చుని వ్రాసుకుంటున్నాడు. హఠాత్తుగా గాలివాన వచ్చి గుడారం ఆయన నెత్తిమీదనే కూలింది. కాగితాలన్నీ తడిసిపోయాయి. వాటిని ఏరి, తివాచీ మడతలలో పెట్టి కాపాడి, వాన వెలిసిన తర్వాత నిప్పు రాజేసి, తెల్లవారేవరకు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. ఎన్ని కోటలు గెలిచిన మనిషికైనా వ్రాసుకున్న కాగితం తడిస్తే ప్రాణం విలవిలలాడుతుంది. ఇది చదివినప్పుడు నాకు చివరి వరుసలోని అబ్బాయి గుర్తుకు వచ్చాడు.

మన ఇళ్లలో డైరీ సాధారణంగా జనవరి 1న మొదలై, నెల తిరగకముందే పాల లెక్కలకు దిగుతుంది. పెద్ద పెద్ద భావాలు వ్రాయాలనుకోవడమే దానికి కారణమని నా అభిప్రాయం. ఆ అబ్బాయి రోజుకు రెండు వాక్యాలకు మించి వ్రాయలేదు, అందుకే ఏడాదిన్నర సాగింది. వ్రాయడానికి ఏమీ లేని రోజున ముద్ర వేసేవాడు. చుక్క అంటే హిఫ్జ్ పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన రోజు. ఆకు అంటే అమ్మీకి ఒంట్లో బాగున్న రోజు. లాడం అంటే మోతీ దగ్గరకు వెళ్లిన రోజు. గుర్రం బొమ్మ ఎందుకు చెక్కలేదని తర్వాత అడిగితే, "ప్రాణుల బొమ్మ వద్దన్నారు కదా, ఉస్తాద్" అన్నాడు. నా పాఠం నేను మరచినా అతడు మరువలేదు.

రబ్బరు చెక్కడం అతడు పెడనలోని మేనమామ దగ్గర చూసి నేర్చుకున్నాడు. ఆయన కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కే పనివాడు. బందరు, పెడన ప్రాంతపు అచ్చు అద్దకంలో తీగలు, పూలు, ఆకులు అంతగా కనిపించడానికి పూర్వం పర్షియాతో సాగిన వర్తకం ఒక కారణం. టేకు చెక్కడానికి ఏళ్ల సాధన కావాలి, రబ్బరుకు ఒక సాయంత్రం చాలు. పల్చని కాగితంపై మెత్తని పెన్సిలుతో గీత గీసి, ఆ కాగితాన్ని రబ్బరుపై బోర్లించి గోటితో రుద్దితే గీత తిరగబడి అంటుకుంటుంది. గీత కాని భాగాన్ని చెక్కివేయాలి. బ్లేడును నిలువుగా కాక, గీతకు బయటివైపుకు వాలుగా పట్టాలి, లేకపోతే అంచు బలహీనపడి రెండు వేట్లకే విరుగుతుంది. చిన్నపిల్లలకు బ్లేడు ఇవ్వకండి. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే వారికి ఐదు రేకుల పువ్వు సిద్ధం. లాడం రెండు వైపులా ఒకే ఆకారం గనుక తిరగబడినా లాడమే. "మోతీ" అని నేరుగా చెక్కిన అక్షరాలు మాత్రం అందుకే తిరగబడ్డాయి.

ముద్ర అనేది బాధ్యతతో కూడిన వస్తువు. ముద్ర లేని లేఖను రాజులు స్వీకరించరని తెలిసి, దైవప్రవక్త (స) వెండి ఉంగరంపై మూడు పంక్తులు చెక్కించారు. అదే చెక్కడాన్ని మరెవ్వరూ తమ ఉంగరాలపై చేయించరాదని వారించారు. ఆ ఉంగరం హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో మదీనాలోని అరీస్ బావిలో పడిపోయి, ఎంత వెదకినా దొరకలేదు. ఒకరి ముద్రను మరొకరు వేయడమన్నది అంత పెద్ద విషయం. కాబట్టి నకిలీ చీటీల మీద నాకు వచ్చిన కోపం తప్పు కాదు. ఎవరి మీద చూపానన్నదే తప్పు. ఆ మాటకొస్తే ముద్ర, వ్రాత, గుర్రం మన చరిత్రలో ఒకచోట చేరినవే: అలావుద్దీన్ ఖిల్జీ సైన్యపు గుర్రాలకు వాతముద్ర వేయించి, సైనికుని ఆనవాళ్లు పుస్తకంలో వ్రాయించేవాడు. మంచి గుర్రాన్ని చూపి జీతం తీసుకుని, తర్వాత బక్కగుర్రంతో వచ్చేవారిని పట్టడానికి!

క్షమాపణ చెప్పడానికి నేను వారి ఇంటికి వెళ్లాను. తరగతిలో అవమానించి, ఇంట్లో క్షమాపణ కోరడం పిరికితనమని ఇప్పుడు తెలుస్తున్నది. ఆ అబ్బాయి దాదా ఒకప్పటి జట్కా సాయిబు. ఆటోలు వచ్చి జట్కాలను మింగేసిన తర్వాత, బండి అమ్మి గుర్రాన్ని ఉంచుకున్నారు. పెళ్లి బారాత్‌లకు అప్పుడప్పుడు పిలుపు వచ్చేది. అది దాణా ఖర్చుకే చాలదు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు, హజ్రత్" అన్నారు నవ్వుతూ.

"మరి ఎందుకు ఉంచుకున్నారు, చాచా?" అని అడిగాను.

"ఉదయం లేవడానికి ఒక కారణం ఉండాలి కదా!"

గుర్రాన్ని సరదాకు పెంచాలనుకునేవారు ఆ లాయంలో ఒక వారం గడపాలి. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది కిలోల వరకు ఎండుమేత, ముప్ఫై లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. దాని పొట్ట శరీరానికి తగినంత పెద్దది కాదు, పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. ఒక్కసారిగా అధికంగా తింటే కడుపు శూల వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే కొద్దికొద్దిగా, అనేక పర్యాయాలు పెట్టాలి. ఉలవలు బలమైన దాణాయే, కానీ గింజలు మితిమీరితే గిట్టలలో వాపు పుడుతుంది. గిట్టను చేత్తో తాకితే వేడిగా తగలడం దాని తొలి సూచన. గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కించాలి. ఇంత ఖర్చు భరించలేనివారు ముసలివారి గుర్రానికి మాలీసు చేయడానికి వెళ్లవచ్చు. ఆ పిల్లవాడు చేసింది అదే.

వినోదాలలో గుర్రానికి శిక్షణ ఇవ్వడాన్ని వ్యర్థం కానివాటిలో చేర్చిన ప్రవచనం ఉన్నది. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రపు పందేలు జరిపించారు, వాటిలో ఇబ్ను ఉమర్ (రజి) కూడా పాల్గొన్నారు. గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి కవచం, డాంబికానికి పెంచేవానికి భారం అని తెలిపిన ప్రవచనమూ ఉన్నది. ఫోటోల కోసం గుర్రాన్ని కొని, పని మనిషికి వదిలేసే కొత్త ధనవంతులకు ఇందులో మూడవ మాట వర్తిస్తుందేమోనని నా అనుమానం.

నేను వెళ్లిన రోజున మోతీ కుంటుతున్నది. పశువైద్యుడు వచ్చి గిట్ట పట్టి చూసి, "ఎన్నాళ్ల నుంచి? దాణా ఎప్పుడు మార్చారు?" అని అడిగారు. దాదా మనవని వైపు చూశారు. మనవడు నేల వైపు చూశాడు. తరగతిలో నేను చదివిన రోజు నుంచి అతడు వ్రాయడం మానేశాడు. ఐదు వారాలు. గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించారు, ఒకరు పది రోజులన్నారు, ఒకరు ఇరవై అన్నారు. మోతీ బ్రతికింది. కాని బారాత్‌లకు ఇక పనికిరాదని వైద్యుడు తేల్చారు. వ్రాసి ఉంటే తప్పేదని నేను అనలేను. తప్పి ఉండేదేమో అన్న తలపు మాత్రం నన్ను వదలలేదు.

ఆ శనివారం తరగతిలో, అందరి ముందు క్షమాపణ చెప్పాను. నకిలీ చీటీల సంగతి, పుస్తకం చదివిన సంగతి, రెండూ చెప్పాను. పిల్లలు ఎవరూ నవ్వలేదు. అతడు "పరవాలేదు ఉస్తాద్" అన్నాడు. పిల్లలు ఆ మాట ఎంత త్వరగా అంటారో, దాని వెనుక ఉన్నది అంత త్వరగా మానదు.

ఇప్పుడు నేనూ ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఇషా తర్వాత రెండు వాక్యాలు. ఫిర్యాదుతో వచ్చే తల్లిదండ్రులను ముందుగా ఆ సరదా ఏమిటో, ఏ వేళ చేస్తాడో, ఎవరితో చేస్తాడో అడుగుతున్నాను. సగంమంది వద్ద సమాధానం ఉండదు. అడిగి రమ్మని పంపుతున్నాను. పిల్లల పుస్తకాలు తెరవవద్దని కూడా చెబుతున్నాను.

దాదా మోతీని అమ్మలేదు. అతడు మళ్లీ వ్రాయడం మొదలుపెట్టాడో లేదో నేను అడగలేదు. కిందటి గురువారం చీటీ చూపడానికి వచ్చినప్పుడు, అతని బొటనవేలి గోరు పక్కన నీలి సిరా మరక కనిపించింది. చీటీపై సంతకం చేసి ఇచ్చాను.