ఉప్పుగాలిలో పాత సైకిలు

ఉప్పాడనుండి కాకినాడ పోయే దారి సముద్రపు అంచున సాగుతుంది. తుపాను రోజులలో అలలు రోడ్డు మీదికే వస్తవి. ఆ రోడ్డు ఎన్నిమార్లు కోతకు గురియైనదో అక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. ఆ దారిన తిరిగే సైకిలుకు మెట్ట ఊళ్ళ సైకిలుకు లేని శత్రువొకటి ఉన్నది. అది ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను లాగుకొని ఇనుమును ఆరనివ్వదు. పైగా ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా ప్రసరిస్తుంది గనుక తుప్పు మంచినీటి తడిలోకంటె వేగంగా పడుతుంది.

అయినా ఇంటనున్న పాత సైకిలును పాత ఇనుముకు వేయడానికి తొందరపడవద్దు. 1949లో మదరాసులో టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ వెలిసిననాటినుండి మన నల్లసైకిళ్ళు చాలావరకు ఒకే ఇంగ్లీషు కొలతలను అనుసరించినవి. కనుక వాటి విడిభాగాలు నేటికీ దొరుకుతున్నవి. ఏది ఎప్పుడు మార్చవలెనో తెలియడమే ముఖ్యం.

ముందు గొలుసు. ‘గొలుసు సాగింది’ అంటాము గాని, ఇనుము సాగదు. గొలుసులో నూరుకు పైగా కీళ్ళున్నవి. ఒక్కొక్క కీలులోని చీల వెంట్రుకవాసి అరిగినా, ఆ అరుగుదల అంతా కలిసి పొడవుగా కనబడుతుంది. ఇనుప టేపు తీసుకొని, ఒక చీల నడిమినుండి లెక్కపెట్టి ఇరవైనాలుగవ చీల నడిమివరకు కొలవండి. కొత్త గొలుసైతే సరిగా 12 అంగుళాలుంటుంది. అంగుళంలో పదహారవ వంతు పెరిగితే కొత్తది కొనవలెను. ఎనిమిదవ వంతు పెరిగినదాకా ఊరకుంటే ఫ్రీవీలు పళ్ళు కూడ చెడిపోయి ఉంటవి. అప్పుడు రెండూ మార్చక తప్పదు.

ఈ మాట అనుభవంమీద చెబుతున్నాను. ఖర్చు కలిసివస్తుందని ఒకసారి అరిగిన ఫ్రీవీలుకే కొత్త గొలుసు వేయించాను. నాలుగవనాడు బరువుతో గట్టెక్కుతూ పెడలుమీద నిలబడి తొక్కగా గొలుసు పంటిమీదనుండి జారినది. నేనూ సైకిలూ కలిసి రోడ్డుమీద పడ్డాము. వెనుక లారీ రాకపోవడం నా అదృష్టం. అరిగిన పళ్ళు కొక్కెములవలె వంగి, తమతోపాటు అరిగిన గొలుసును ఎట్లో పట్టుకొంటవి. కొత్త గొలుసుతో వాటికి పొసగదు. వెనుక చేపల బుట్టో, చీరెల మూటో కట్టుకొని పోయేవారికి ఇది ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. ఫ్రీవీలు విప్పే పని మాత్రం షాపువానికే వదలండి. తొక్కినకొద్దీ అది మరింత బిగుసుకొనే మర.

పెడలు ప్రతి చుట్టులో ఒకచోట టక్కుమంటున్నదా? క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు పిన్ను వదులైనదన్నమాట. పిన్ను చవక. నిర్లక్ష్యం చేస్తే క్రాంకు రంధ్రమే చెడుతుంది, దాని వెల వేరు. పెడలే మార్చవలసివస్తే ఎడమవైపుదానికి మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి. ఇది తెలియక బలంకొద్దీ బిగించి మర పాడుచేసినవారిని చూచాను.

చక్రాల బాల్సు విషయం క్లుప్తంగా చెబుతాను. సాధారణంగా ముందు చక్రానివి 3/16, వెనుక చక్రానివి 1/4 అంగుళం. ఒకటి పగిలితే అన్నీ మార్చండి. అరిగినవాటి మధ్య ఒక్క కొత్తది ఉంటే బరువంతా దానిమీదనే పడుతుంది.

సముద్రపు జల్లు తగిలిననాడు సైకిలును మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, గొలుసు కీలు కీలుకు ఒక్కొక్క చుక్క నూనె వేయండి. పిమ్మట పైకి కనబడే నూనెను గుడ్డతో తుడిచివేయండి. చాలమంది ఈ తుడవడమే మరచిపోతారు. పైనున్న నూనెకు ఇసుక అంటుకొని సానపొడివలె గొలుసును అరగదీస్తుంది.

బ్రేకు రబ్బర్లను అవి పట్టుకొన్న ఇనుము రిమ్మును తాకకముందే మార్చండి. తడిసిన ఇనుప రిమ్ముమీద కొత్త రబ్బరైనా వెంటనే పట్టదు. ఆ సముద్రపు రోడ్డుమీద జల్లు పడేటప్పుడు ఎద్దుబండి ఇంకా దూరాన ఉండగానే బ్రేకు నొక్కడం మొదలుపెట్టండి.