కత్తెర కంటే ముందు బకెట్

నేను కుట్టిన మొదటి కుర్తీని అమ్మ ఒక్కసారే వేసుకుంది. పెడన కలంకారీ, పల్చటి కాటన్, రెండున్నర మీటర్లు. యూట్యూబ్ చూస్తూ రెండు వీకెండ్‌లు కూర్చుని కుట్టా. ఉతికాక చంకల దగ్గర పట్టేసింది. "నేనే లావెక్కానేమో లేరా" అంది అమ్మ.

అమ్మ లావెక్కలేదు, బట్టే కుంచించుకుంది. నేసేటప్పుడు కాటన్ దారాలను బిగించి లాగుతారు. నీళ్లు తగిలితే ఆ బిగువు వదిలి దగ్గరికి ముడుచుకుంటాయి. 3 నుంచి 5 శాతం తగ్గడం మామూలే. 40 అంగుళాల చుట్టుకొలతలో 5 శాతమంటే 2 అంగుళాలు. నేను వదులు ఉంచింది సరిగ్గా అంతే!

పెడనలో బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి, చెక్క అచ్చులతో అద్ది, ఉడికించి, పలుమార్లు ఉతుకుతారు. ఇన్ని నీళ్లు చూసిన బట్ట ఇంకేం ముడుచుకుంటుందిలే అనుకున్నా. కానీ ఆరేసేటప్పుడు, చుట్టేటప్పుడు అది మళ్లీ సాగొచ్చు. పైగా కలంకారీ పేరుతో అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్లూ ఉంటాయి.

అందుకే ఇప్పుడు బట్ట తేగానే విడిగా చన్నీళ్లలో నానబెడతా. రేపు కుర్తీని ఎలా ఉతుకుతామో అలాగే ఒకసారి ఉతికి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేస్తా. కత్తెర ఆ తర్వాతే. మిషన్‌కి 11 నంబర్ సూది. లావు సూదైతే పల్చటి బట్టకు చిల్లులు కనిపిస్తాయి.

రెండో కుర్తీ అమ్మ వారం వారం వేసుకుంటోంది. మొదటిది రెండు దిండు గలీబులైంది. ఒకదాని మీద నెమళ్లు తలకిందులుగా ఉన్నాయి. డిజైన్ ఎటు నిలబడిందో చూసి కత్తిరించాలన్నది నా రెండో పాఠం.