ఇసుకకుప్ప మీద కుక్కపిల్లలు

మీ వీధిలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటున్నారా? అయితే ఆ ఇంటి ముందు ఇసుకకుప్ప వుండే వుంటుంది. సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి. ఒక పక్క పిల్లలు ఇసుకలో పాదం దూర్చి పిచ్చుకగూళ్లు కడుతుంటారు. ఇంకో పక్క గుంట చేసుకుని పడుకున్న తల్లికుక్క, దాని పాలు తాగే నాలుగైదు కూనలు. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా యిది మామూలే. పనికోసం ఊళ్లు వదిలివెళ్లే పాలమూరు కూలీల పిల్లలకైతే, అమ్మానాన్నలు పనిచేసేచోట ఆ ఇసుకే ఆటస్థలం, ఆ కూనలే నేస్తాలు.

చూడముచ్చటగా వుంటుంది కదూ! ఇప్పుడు ఆ కూనల పొట్టలు గమనించండి. వీపున ఎముకలు కనిపిస్తున్నా పొట్ట మాత్రం కుండలా వుబ్బివుంటుంది. పాలు ఎక్కువై కాదు. చాలావరకు లోపలి ఏలికపాముల వల్ల. అప్పుడప్పుడు కూన కక్కుకున్నప్పుడు సేమ్యా పోగుల్లా తెల్లగా పడేవి అవే. వీటి శాస్త్రీయ నామం టాక్సొకారా కానిస్. ఆడపురుగు జానెడుకు కాస్త తక్కువగా, 18 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

నెల నిండని కూన పాలు తప్ప మరొకటి ఎరగదు. దాని పేగుల్లోకి ఇంత పొడుగు పురుగు ఎలా వచ్చింది? తమాషా ఇక్కడే వుంది. తల్లికుక్క కండల్లో యీ పురుగు లార్వాలు చాలాకాలం కదలక మెదలక పడివుంటాయి. తల్లి చూలుతో వున్నప్పుడు, చివరి రోజుల్లో, వాటికి మెలకువ వస్తుంది. మావిని దాటి కడుపులోని కూనలను చేరుకుంటాయి. మరికొన్ని పుట్టాక పాలతోపాటు వస్తాయి. కూన ఊపిరితిత్తుల్లో తిరిగి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగుడుపడి పేగుల్లో స్థిరపడతాయి. కూనకు మూడు వారాలు దాటేసరికి దాని మలంలో పురుగు గుడ్లు కనిపిస్తాయి. ఒక్క ఆడపురుగు రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెట్టగలదు! గుడ్డు పరిమాణం మిల్లీమీటరులో సుమారు పన్నెండో వంతు. కంటికి ఆనదు.

ఇక అసలు సంగతి. బయటపడిన రోజున ఆ గుడ్డుకు హాని చేసే శక్తి వుండదు. లోపల లార్వా తయారు కావాలి కదా! తడి, నీడ, వెచ్చదనం వున్న మట్టిలో అందుకు ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా మలం ఎండి, పొడి అయి, వానకు కరిగి కనిపించకుండా పోతుంది. మనం చూసి శుభ్రంగానే వుందనుకుంటాం. ప్రమాదం మొదలయ్యేది అప్పుడే! గుడ్డు పైపెంకు ఎంత గట్టిదంటే, తడి ఆరని నీడపట్టున ఏళ్ల తరబడి బతకగలదు. ఫినాయిలు చల్లినా చావదు.

ఆ ఇసుకలో మీ చెల్లి దోగాడుతుంది. పిడికెడు తీసి నోట్లో వేసుకుంటుంది. మన్ను తినని పసిపిల్లలు ఎక్కడున్నారు, చిన్నికృష్ణుడంతటివాడే తిన్నాడు! గుడ్డు పగిలి లార్వా పేగుగోడను తొలుచుకుని రక్తంలో పడుతుంది. కాని మనిషి శరీరం దానికి సొంత ఇల్లు కాదు. ఇక్కడ అది ఎన్నటికీ పెద్దపురుగు కాలేదు. దారితప్పిన బాటసారిలా కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతుంది. చాలామంది పిల్లలకు ఏమీ కాదు. కొందరికి జ్వరం, దగ్గు, కడుపునొప్పి వస్తాయి. రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు బాగా పెరుగుతాయి.

ఒక్కోసారి అది కంట్లోకి చేరుతుంది. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే శాస్త్రజ్ఞురాలు, వ్యాధివల్ల తొలగించిన పిల్లల కళ్లను సూక్ష్మదర్శిని కింద పరీక్షించింది. వాటిలో చాలావాటిని క్యాన్సర్ అనుమానంతో తీసేశారు. 46 కళ్లలో 24 కళ్లలో ఆమెకు కనిపించినవి పురుగు లార్వాల ఆనవాళ్లు! వాటిలో కొన్ని కుక్కల ఏలికపాము లార్వాలేనని 1956లో తేలింది.

"బడిలో నులిపురుగుల మాత్ర వేశారుగా!" అంటారేమో. ఆ ఒక్క ఆల్బెండజోల్ మాత్ర పేగుల్లోని పురుగులకోసం. ఈ లార్వాలు పేగుల్లో వుండవు. అందుకే మలపరీక్షలో వీటి గుడ్లూ దొరకవు. రక్తపరీక్ష చేయాలి, డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడాలి. అన్నట్టు, యీ జబ్బుకు వాడుతూ వచ్చిన మందుల్లో డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. 1947లో దాన్ని ఫైలేరియాకోసం వెలికితెచ్చిన బృందానికి నాయకుడు మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే!

ఇదంతా విని కూనలను గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేద్దామనే పెద్దలుంటారు. దానివల్ల లాభమేమిటి? రాలిన గుడ్లు ఇసుకలోనే వుంటాయి. తల్లి కండల్లోని లార్వాలు వచ్చే ఈతకోసం కాచుకునే వుంటాయి. పైగా అది పాపం. అంతకంటే పారతో రోజూ మలం ఎత్తి, పిల్లలు ఆడనిచోట లోతుగా పాతిపెట్టండి. గుడ్డుకు గడువు కావాలన్నాం కదా, ఆ గడువు దానికి ఇవ్వకండి. రాత్రిళ్లు ఇసుకకుప్పమీద టార్పాలిన్ కప్పండి. కూనను ముద్దాడవచ్చు, కాని అన్నం ముందు సబ్బుతో చేతులు కడగండి, చెల్లి గోళ్లు కత్తిరించండి.

గొర్రెలకు నట్టల మందు తాగించడం మన కాపరులకు కొత్త కాదు. కుక్కను మాత్రం మరిచిపోతారు! కూనకు రెండు వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి నట్టల మందు వేయాలి. తల్లికీ వేయాలి. గొర్రెల మందు అంచనాగా పోయకండి, పశువైద్యశాలలో బరువును బట్టి మోతాదు చెబుతారు. అలాగే గొర్రెను కోసినప్పుడు నీటిబుడగలున్న కాలేయాన్ని కుక్కకు విసరవద్దు. దానివల్ల వచ్చేది మరో పురుగు, బద్దెపురుగు జాతిది. దాని కథ వేరు.

లార్వా సాధారణంగా ఒక కంటికే చేరుతుంది. రెండో కన్ను బాగానే వుంటుంది కనుక పసిపిల్లలు చూపు తగ్గిందని చెప్పలేరు. మీ చెల్లి ఆడుకుంటుండగా ఒక కన్ను అరచేత్తో మూయండి, తర్వాత రెండోది. ఒక కన్ను మూసినప్పుడు వూరుకుని, రెండో కన్ను మూసినప్పుడు మాత్రం మళ్లీ మళ్లీ మీ చెయ్యి తోసేస్తుంటే, కొత్తగా మెల్ల కనిపించినా సరే, అమ్మకు చెప్పి వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.