వార్తల్లో పదం: గ్రూప్ సెల్ఫ్ ఇన్సూరెన్స్

అమెరికాలో కార్మికుల పరిహార వార్తల్లో కనిపించే మాట ‘గ్రూప్ సెల్ఫ్ ఇన్సూరెన్స్’. అంటే ఉమ్మడి సొంత బీమా. సాధారణంగా ఒకే రంగంలోని యజమానులు బీమా కంపెనీ పాలసీ కొనకుండా తలా కొంత వేసి నిధి పెట్టుకుంటారు. పనిలో గాయపడిన తమ కార్మికులకు అందులోంచే పరిహారం చెల్లిస్తారు.

అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఈ రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. పెద్ద కంపెనీ సొంతంగా భరించగలదు. పదిమంది పనిచేసే వడ్రంగి షాపుకు ఆ స్తోమత ఉండదు. అందుకే, అనుమతించే రాష్ట్రాల్లో, ప్రభుత్వ ఆమోదంతో గ్రూపుగా చేరతారు. జీతాల మొత్తం, పనిలోని ప్రమాదం, పాత క్లెయిములు చూసి వాటా తేలుస్తారు. కప్పు వేసే కార్మికుడు నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే వైద్య ఖర్చు, కోల్పోయిన వేతనంలో కొంత భాగం నిధి నుంచి వస్తాయి. భారీ క్లెయిముల కోసం విడిగా అదనపు బీమా తీసుకుంటారు. మిగులుంటే సభ్యులకు పంచే వీలుంది.

అసలు మెలిక ‘ఉమ్మడి, వ్యక్తిగత బాధ్యత’ షరతులో ఉంది. నిధి చాలకపోతే లోటు సభ్యులే పూడ్చాలి. ఒకరు దివాలా తీస్తే ఆ భారం మిగతావారిది. న్యూయార్క్‌లో 2000ల చివర్లో ఇలాంటి గ్రూపుల నిధులు నడిపే పలు ట్రస్టులు కుప్పకూలినప్పుడు, అంతకుముందే తప్పుకున్న యజమానులకూ పాత లోటు బిల్లులు వెళ్లాయి.

మన దగ్గర ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) పరిధిలోని సంస్థల్లో యజమాని వేతనంపై 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. పరిహారం ఈఎస్ఐ కార్పొరేషన్ ఇస్తుంది. అమెరికాలో వ్యాపారం చేస్తున్న తెలుగువారు మాత్రం ఇలాంటి గ్రూపులో చేరేముందు ప్రీమియంతో పాటు నిధి ఆడిట్ లెక్కలు, లోటు షరతులు కూడా చూసుకోవాలి.