వేసవిలో చల్లని టీ: ఎవరికి మేలు, ఎవరికి కీడు?



మన అనంతపురం సీమలో మార్చి దాటిందంటే ఎండ నడినెత్తిన కూర్చుంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ నమ్మకం లేదు. అయినా ఏ ఇంటి గడప తొక్కినా "అయ్యగారూ, ఒక గుక్క టీ తాగిపోండి" అనక మానరు. ఈ ఎండలో పొగలు కక్కే టీ ఎవరు తాగుతారని ఇప్పుడు పల్లెల్లోనూ ఐస్ టీ అడుగుతున్నారు. అంగడిలో దొరికే సీసాలలో చాలావాటిలో చక్కెర పాలు ఎక్కువ. ఇంట్లో చేసుకోవడం తేలిక.

ఇది నిన్నమొన్నటి పానీయం కాదు. 1879లో అమెరికాలో అచ్చయిన ఒక వంటల పుస్తకంలోనే దీని తయారీ ఉంది. 1904లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో భారతదేశపు టీని అమ్మజూపిన రిచర్డ్ బ్లెచిండెన్, ఎండకు వేడి టీ ఎవరూ ముట్టకపోతే ఐసు వేసి ఇచ్చాడని చెప్పుకుంటారు. అప్పటినుండి అది అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది.

నాలుగు గ్లాసుల నీళ్లు తెర్లనిచ్చి దించండి. రెండు చెంచాల టీపొడి వేసి అయిదు నిమిషాలు మూత పెట్టి వడగట్టండి. పాల టీకి మరిగించినట్లు పొయ్యిమీద మరిగిస్తే వగరెక్కి నోట పెట్టలేము. వేడిమీదనే కొద్దిగా బెల్లమో చక్కెరో కలపండి. చల్లారాక నాలుకకు తీపి తక్కువగా తోస్తుంది గనుక ఇంకా ఇంకా వేయాలనిపిస్తుంది, అక్కడే జాగ్రత్త. నిమ్మకాయ పిండగానే రంగు తేలికవుతుంది, పిల్లలకు అదొక వింత. ఫ్రిజ్ లేకపోతే గిన్నెకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలే నీడలో పెట్టండి. మన పొడిగాలికి తడి ఆరేకొద్దీ గిన్నె చల్లబడుతుంది, కుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లే. ఏ రోజు చేసింది ఆ రోజే తాగాలి. చేపలకు వాడే ఐసు గడ్డ మాత్రం కొట్టి వేయకండి. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని క్రిములు చావవు.

ఏ నీళ్లతో చేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. మన వైపు ఎన్నో ఊళ్లలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావంటారు. పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు, పెద్దల వంగిన నడుములు చూస్తూనే ఉన్నాము. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకి మరింత చిక్కనవుతుంది. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. 1990లలో కట్టిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వంటి వాటి కుళాయి నీళ్లు అందే ఊళ్లలో ఆ నీళ్లనే టీకి వాడండి.

ఇక అసలు సంగతి. వేడి టీ చిన్న గ్లాసుడు ఊదుకుంటూ తాగుతాము. చల్లని టీ అయితే మంచినీళ్లలాగా లోటాతో, అందులోనూ సంగటి ముద్దతోబాటే దిగుతుంది. టీలోని వగరు పదార్థము తిండిలోని ఇనుమును పట్టుకొని ఒంటికి పట్టనివ్వదు. భోజనంతో కలిపి తాగితే ఒంటికి చేరే ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చు. చల్లార్చినందువల్ల ఆ గుణం మారదు. నిమ్మరసం కొంత సాయం చేస్తుంది గానీ ఆ అడ్డును పూర్తిగా తొలగించదు. ఆదివారం తినే మాంసంలోని ఇనుముకు అంత నష్టం లేదు. కాని వారమంతా మనకు రాగులు, ఆకుకూరలు, చెనిక్కాయల ఊరిమిండే గదా!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. మన సంఘాలలోని అక్కచెల్లెళ్లు వేరుగా ఉన్నారా? ప్రొద్దున తిండి మానేసి టీతో కడుపు నింపుకొని కూలికి పోతారు. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన ఇనుము మాత్రను, రుచి బాగుండదని, ఆ టీతోనే మింగుతారు. మాత్ర వేసుకున్నారు నిజమే, అందులో ఒంటికి చేరింది కొంచెమే. కాన్పులో రక్తం పోయినప్పుడు ఆ తల్లికి ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర నిమ్మనీళ్లతో వేసుకోండి. మాత్రకు గాని భోజనానికి గాని ముందు గంట, తరువాత గంట టీ వద్దు. అత్తగార్లు ఈ మాట కోడళ్లకు చెప్పాలి, టీ మానిపించి పాలో జావో ఇవ్వాలి.

చంటిబిడ్డలకు, చిన్నపిల్లలకు టీ ఏ రూపంలోనూ వద్దు, మజ్జిగ చాలు. నిద్ర పట్టనివారు, గుండెదడ గలవారు, మూత్రపిండాలలో రాళ్లున్నవారు డాక్టరును అడిగి తాగండి. వడదెబ్బకు చల్లని టీ మందు కాదు. తెలివి ఉంటే ఓఆర్ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయక, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

మత్తయి 10వ అధ్యాయం చివర ప్రభువు చెప్పినది చన్నీళ్ల గిన్నెను గూర్చియే. అందుచేత అయ్యగారు వచ్చినప్పుడు కుండనీళ్లు ఇస్తే మర్యాద తక్కువవుతుందని ఎవరూ అనుకోనక్కరలేదు. గృహ ప్రార్థన కూడికలో భోజనం ఉంటే టీ కూడిక మొదట్లోనే ఇచ్చేయండి. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చునే తల్లులకు కూర మిగల్చండి. వారి పళ్లెం దగ్గర టీ లోటా బదులు ఒక నిమ్మబద్ద పెట్టండి.