మొదటిసారి క్రూజ్‌కి వెళుతున్నారా?

మయామి నుంచి బహామాస్‌కి వెళ్ళొచ్చే మూడు రాత్రుల క్రూజ్ గురించి చాలామంది అడుగుతున్నారు.

టికెట్ కొనేముందు పాస్‌పోర్టు తీసి వీసా స్టాంపు తేదీ చూసుకోండి. మయామిలో ఎక్కి మయామిలోనే దిగుతాం కదా, దేశం దాటినట్టు కాదులే అనుకోవద్దు. తిరిగొచ్చాక ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. అమెరికా పౌరులకైతే జనన ధృవపత్రం, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు సరిపోతాయి. మన పాస్‌పోర్టు వాళ్ళకి అలా కుదరదు. హెచ్-1 మీద ఉన్నవాళ్ళకి చేతిలో ఐ-797 కాగితం ఉన్నా, స్టాంపు గడువు తీరితే చిక్కే. కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్ళొచ్చేవాళ్ళకున్న వెసులుబాటు, హెచ్-1 వాళ్ళకి బహామాస్ విషయంలో లేదు. గ్రీన్‌కార్డు వాళ్ళు కార్డు మరవకండి. బహామాస్ వాళ్ళ నిబంధనలు వేరు, అవీ ముందే కనుక్కోండి.

ఇక ఓడ సంగతి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అమ్మానాన్నల బీపీ మాత్రలు చేతిసంచిలోనే ఉంచండి. ప్రమాదమొస్తే ఎక్కడికి చేరాలో చూపించే డ్రిల్ అందరికీ తప్పనిసరి. కిటికీ లేని గది చవక. నేనైతే అదే తీసుకుంటాను, నిద్రకే కదా! కడుపులో తిప్పేవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తులో అడగండి. శాకాహారమని బుకింగప్పుడే చెప్పాలి, మొదటి రాత్రి వెయిటర్‌కి మళ్ళీ చెప్పాలి. ఇంట్లో కలిపిన పులిహోరని చాలా కంపెనీలు ఓడ ఎక్కనివ్వవు, ఆశ వదులుకోండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

నసావులో దిగితే వాచీ ఓడ టైముకే ఉంచండి. ఆలస్యమైతే ఓడ ఆగదు, మయామికి విమానం టికెట్ మీ జేబులోంచే.